చలికాలంలో బైక్ మీద లంబసింగి: బండిని ఎలా సిద్ధం చేయాలి, చలిని ఎలా ఆపాలి

డిసెంబర్ దగ్గర పడితే చాలు, అవే ప్రశ్నలు మళ్లీ మొదలవుతాయి. "అన్నా, హైదరాబాద్ నుంచి లంబసింగికి బైక్ మీద వెళ్లొచ్చా? నాది 125 సీసీ బండి, సరిపోతుందా? చలికి ఏం కొనుక్కోవాలి?"

వెళ్లొచ్చు. 100 సీసీ బండి మీద కూడా వెళ్లొచ్చు. సీసీ సంగతి పక్కన పెట్టి ఆ బండి చైన్, టైర్లు, బ్రేకులు ఎలా ఉన్నాయో చూడండి. ఇక చలి అంటారా, సగం చలి మీ వేగమే తెచ్చిపెడుతుంది. థర్మామీటర్ 10 డిగ్రీలు చూపిస్తున్నప్పుడు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తే, గాలి తగిలే చర్మానికి అది 5 డిగ్రీల చలిలా ఉంటుంది. అసలు చలే 5 డిగ్రీలైతే సున్నాకు రెండు డిగ్రీలు కింద ఉన్నట్టే. అందుకే స్వెటర్ మీద స్వెటర్ వేసుకున్నవాళ్లు వణుకుతుంటే, ఒక్క స్వెటర్ మీద రెయిన్‌కోటు తొడుక్కున్నవాళ్లు హాయిగా వెళ్లిపోతుంటారు. ముందు గాలిని ఆపాలి, ఉన్ని సంగతి తర్వాత.

లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. డిసెంబర్, జనవరి నెలల్లో తెల్లవారుజామున అక్కడ ఉష్ణోగ్రత ఒక అంకెలోకి పడిపోతుంది, కొన్ని రోజులు సున్నా దగ్గరికీ వెళ్తుంది. అరకు, వంజంగి, అటు ఆదిలాబాద్ వెళ్లేవాళ్లకూ కింద చెప్పినవన్నీ పనికొస్తాయి.

ఏమేం కావాలి

బండికి:
- బండితో వచ్చిన టూల్ కిట్. వెనక చక్రం నట్టుకు సరిపోయే పానా అందులో ఉందో లేదో ఇంట్లోనే చూసుకోండి. చాలా కిట్లలో ఉండదు, విడిగా కొనాలి.
- టైర్ గాలి చూసుకునే గేజి, చిన్న ఫుట్ పంపు
- ట్యూబ్‌లెస్ టైర్ అయితే పంక్చర్ కిట్, ట్యూబ్ టైర్ అయితే అదే సైజు ట్యూబ్ ఒకటి
- క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, స్పార్క్ ప్లగ్, రెండు ఫ్యూజులు
- చైన్ స్ప్రే లేదా 90 నంబరు గేర్ ఆయిల్, పాత టూత్ బ్రష్, పాత లుంగీ గుడ్డ
- ఇన్సులేషన్ టేపు, జిప్ టైలు, పాత ట్యూబ్ ముక్కలు (కట్టడానికి వీటిని మించినవి లేవు)

ఒంటికి:
- పలచని థర్మల్ జత, లేదా ఒంటికి అతుక్కునే టీషర్టు, ప్యాంటు
- ఒక స్వెటర్. చలికాలంలో మన ఊళ్లలో టిబెటన్లు పెట్టే దుకాణాల్లో దొరికేది చాలు.
- గాలి చొరబడని జాకెట్, లేకపోతే రెయిన్‌కోటు. రెయిన్‌కోటు ప్యాంటు మాత్రం తప్పనిసరి, చాలామంది మరిచిపోయేది అదే.
- ముఖానికి, మెడకు పలచని బాలాక్లావా (కళ్లు మాత్రం వదిలి తల, ముఖం, మెడ కప్పే తొడుగు)
- చేతి గ్లవుజులు, చీలమండలు కప్పే బూట్లు, రెండు మూడు జతల సాక్సులు
- పాత న్యూస్‌పేపర్లు

కాగితాలు: లైసెన్స్, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్. డిజీలాకర్‌లో ఉంటే చాలు, కానీ ఘాట్‌లో సిగ్నల్ పోతుంది, ఫోన్ చార్జింగ్ అయిపోతుంది. ఒక జత జిరాక్సులు బ్యాగులో వేసుకోండి.

బండి సిద్ధం చేయడం

1. సర్వీసింగ్ వారం ముందే చేయించండి. బయల్దేరే ముందు రోజు సాయంత్రం సర్వీసింగ్‌కి ఇవ్వడం అందరూ చేసే తప్పు. షెడ్డులో విప్పిన నట్టు సరిగ్గా బిగించారో లేదో, కొత్త కేబుల్ సాగిందో లేదో, ఆయిల్ ఎక్కడైనా చెమ్మగిల్లుతోందో నడిపితేనే తెలుస్తుంది. సర్వీసింగ్ తర్వాత వంద కిలోమీటర్లయినా ఊళ్లో తిప్పి, ఏదైనా తేడా ఉంటే మళ్లీ షెడ్డుకు వెళ్లే టైం ఉంచుకోండి. కొత్త టైర్ వేయించినా ఇంతే. కొత్త టైర్ మొదటి వంద, నూటయాభై కిలోమీటర్లు జారుతుంది, ఆ జారుడు ఘాట్ రోడ్డు మీద వద్దు.

ఇంజన్ ఆయిల్ గ్రేడు మార్చాలా అని అడుగుతుంటారు. అక్కర్లేదు. మన దగ్గర పడే చలికి మాన్యువల్‌లో రాసిన గ్రేడే సరిపోతుంది, అది 10డబ్ల్యూ-30 అయినా 20డబ్ల్యూ-50 అయినా. మార్చాల్సిన కిలోమీటర్లు దగ్గర పడి ఉంటే మాత్రం మార్పించేయండి. ఆయిల్ ఎంత ఉందో చూసేటప్పుడు బండి నిటారుగా ఉండాలి. సైడ్ స్టాండ్ మీద చూస్తే తప్పు లెక్క వస్తుంది.

2. చైన్. దారిలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే, మీరు సొంతంగా చేసుకోగలిగిన పనీ ఇదే.

బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, ఇంజన్ ఆపి, కీ తీసేయండి. ఇంజన్ నడుస్తుండగా గేర్ వేసి చక్రం తిప్పుతూ చైన్ తుడిచేవాళ్లు ఉంటారు. ఒక్కసారి గుడ్డ చిక్కుకుందంటే దాంతో పాటు వేలు కూడా పోతుంది. చక్రాన్ని చేత్తోనే తిప్పండి.

కిరోసిన్‌లో ముంచిన బ్రష్‌తో మురికి వదిలించి, గుడ్డతో ఆరేలా తుడవండి. కిరోసిన్ దొరక్కపోతే డీజిల్ వాడొచ్చు. పెట్రోల్ మాత్రం వద్దు. ఓ-రింగ్ చైన్ (లింకుల మధ్య రబ్బరు రింగులు ఉండేది) అయితే ఆ రబ్బరు పాడవుతుంది, పైగా నిప్పు భయం. తర్వాత చైన్ లోపలి వైపు, అంటే పళ్ల చక్రాన్ని తాకే వైపు, స్ప్రే గానీ గేర్ ఆయిల్ గానీ వేయండి. పావుగంట ఆగి పైన మిగిలింది తుడిచేయండి. తడితడిగా వదిలేస్తే దుమ్మంతా అంటుకుని గరుకు పేస్టులా తయారై చైన్‌ను అరగదీస్తుంది. అప్పుడే కాస్త నడిపొచ్చిన బండికి, చైన్ వెచ్చగా ఉన్నప్పుడు వేస్తే ఆయిల్ బాగా లోపలికి దిగుతుంది.

ఇక బిగువు. కింది చైన్‌ను మధ్యలో పట్టుకుని పైకీ కిందికీ కదిపితే చాలా కమ్యూటర్ బండ్లలో 25 నుంచి 35 మిల్లీమీటర్లు ఆడాలి. మీ బండి లెక్క మాన్యువల్‌లోనో, చైన్ దగ్గరి స్టిక్కర్ మీదో ఉంటుంది. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి. ఒక చోట బిగుతుగా, ఇంకో చోట వదులుగా ఉంటే చైన్ అరిగిపోయిందన్నమాట. బిగించి లాభం లేదు, చైన్ సెట్ మొత్తం, అంటే చైన్‌తో పాటు రెండు పళ్ల చక్రాలూ మార్చాలి.

బిగించేటప్పుడు ఎక్కువగా జరిగే తప్పులు ఇవి:
- మరీ బిగించేయడం. ఇద్దరెక్కి లగేజీ పెట్టాక చైన్ ఇంకా బిగుసుకుంటుంది, బేరింగ్ పోతుంది. వదులు చైన్ కంటే ఇదే ప్రమాదం.
- రెండు వైపులా గుర్తులు సమానంగా పెట్టకపోవడం. చక్రం వంకరగా కూర్చుంటుంది, బండి ఒక పక్కకు లాగుతుంది.
- వెనక డ్రమ్ బ్రేకును మరిచిపోవడం. చక్రం వెనక్కి జరిగితే బ్రేక్ రాడ్ కూడా బిగుసుకుంటుంది. చైన్ సరి చేసిన ప్రతిసారీ బ్రేక్ పెడల్ ఆట కూడా సరి చేయాలి.

సరిగ్గా వచ్చిందో లేదో చూడటం తేలిక. సెంటర్ స్టాండ్ మీద న్యూట్రల్‌లో వెనక చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పి వదిలితే రెండు మూడు చుట్లయినా తిరగాలి. తర్వాత బ్రేక్ పెద్దగా వాడకుండా ఐదు కిలోమీటర్లు నడిపి ఆపి, వెనక డ్రమ్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. సెగ కొడుతుంటే బ్రేక్ పట్టేస్తోందని అర్థం.

3. టైర్లు, గాలి. టైర్ గాడిలో టీడబ్ల్యూఐ (టైర్ అరుగుదల చూపేది) అని గుర్తు ఉన్న చోట చిన్న దిమ్మ ఉంటుంది. టైర్ ఆ దిమ్మ దాకా అరిగిపోతే మార్చాల్సిందే. పొగమంచుతో తడిసిన రోడ్డు వాన రోడ్డులాంటిదే.

గాలి ఎంత ఉండాలో స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చట్రం) మీదో చైన్ గార్డ్ మీదో స్టిక్కర్ ఉంటుంది. ఒక్కరికి ఒక లెక్క, ఇద్దరికి ఇంకో లెక్క. చలి దగ్గర చాలామంది తప్పేది ఇక్కడే. మధ్యాహ్నం 30 డిగ్రీల వేడిలో వెనక టైర్‌కు 28 పీఎస్ఐ కొట్టించారనుకోండి, అదే టైర్ కొండ మీద తెల్లవారుజామున 5 డిగ్రీల్లో 24, 25 చూపిస్తుంది. పంక్చరేమో అని టెన్షన్ పడకండి, గాలి ఎక్కడికీ పోలేదు, చలికి ముడుచుకుంది. దీనికి భయపడి ముందే ఎక్కువ కొట్టించడం కూడా తప్పే, మైదానంలో మధ్యాహ్నపు ఎండకు టైర్ రాయిలా అవుతుంది. కొండ మీద పొద్దున బయల్దేరే ముందు, టైర్ చల్లగా ఉన్నప్పుడు గేజితో చూసి, తగ్గినంత ఫుట్ పంపుతో కొట్టుకోండి. యాభై కిలోమీటర్లు నడిపి, వేడెక్కిన టైర్‌కు బంకులో చూపించిన అంకెను నమ్మకండి.

4. బ్రేకులు. డిస్క్ బ్రేక్ ప్యాడ్ మీద గాడి కనిపించాలి, కనిపించకపోతే మార్పించండి. బ్రేక్ ఆయిల్ డబ్బా అద్దంలోంచి చూస్తే కింది గీత పైన ఉండాలి, రంగు టీ డికాషన్‌లా మారితే కొత్తది పోయించాలి. అది గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది, ఘాట్ దిగేటప్పుడు వేడెక్కితే బ్రేక్ మెత్తగా లోపలికి పోతుంది. రెండేళ్లుగా మార్చలేదంటే ఇప్పుడే మార్పించేయడం మేలు. వెనక డ్రమ్ లివర్ మీద బాణం గుర్తు ఉంటుంది. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు అది ప్లేటు మీది గుర్తును చేరుతుంటే బ్రేక్ షూ అయిపోయినట్టే.

5. బ్యాటరీ, లైట్లు. చలికి బ్యాటరీ నీరసపడుతుంది. హైదరాబాద్‌లో రెండో నొక్కుకు స్టార్టయ్యే బండి అక్కడ అసలు కాకపోవచ్చు. రాత్రంతా ఆపి ఉంచిన బండికి పొద్దున మల్టీమీటర్ పెట్టించండి. 12.6 వోల్టులు ఉంటే బాగున్నట్టు, 12.2 కంటే తగ్గితే చార్జింగ్ పెట్టించి మళ్లీ చూడండి, అప్పటికీ పడిపోతే మార్చేయండి. ఇంజన్ రేజ్ చేసినప్పుడు 14 అటూఇటూ చూపించాలి. అలా రాకపోతే లోపం బ్యాటరీలో లేదు, చార్జింగ్ వ్యవస్థలో ఉంది.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 బండ్లు చాలావరకు ఫ్యూయల్ ఇంజెక్షన్‌వి. వాటిలో పెట్రోల్ పంపు నడవాలన్నా బ్యాటరీ కావాలి. కొన్నింటికి కిక్కు కూడా లేదు. బ్యాటరీ పూర్తిగా పడుకుంటే తోసినా స్టార్ట్ కావు. పాత కార్బురేటర్ బండి ఉన్నవాళ్లకు ఈ బాధ తక్కువ.

హెడ్‌లైట్‌ను లగేజీ కట్టాక, వెనక మనిషి కూర్చున్నాక గోడ మీద వేసి చూడండి. వెనక బరువుకు బండి ముందు భాగం లేచి లైటు ఆకాశంలోకి పోతుంది. పొగమంచులో అలా పైకి పోయిన లైటు మీ కళ్లల్లోకే తిరిగొస్తుంది. వెనక షాక్ అబ్జార్బర్లు ఒకటి రెండు మెట్లు గట్టి చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. వెనక రెడ్ లైటు, రిఫ్లెక్టర్ శుభ్రంగా ఉండాలి. సీటు వెనక, బ్యాగు మీద రిఫ్లెక్టర్ స్టిక్కర్ ముక్కలు అతికించండి, పొగమంచులో వెనకొచ్చే లారీకి కనిపించేది అవే.

6. కేబుళ్లు, లగేజీ. క్లచ్ లివర్ కొస దగ్గర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. కేబుల్ కొసల్లో ఒక్క పోగు తెగినా కొత్తది వేయించండి. పాతది పారేయకుండా స్పేర్‌గా పెట్టుకోకండి, స్పేర్ కూడా కొత్తదే ఉండాలి. బరువు లగేజీ కిందికి, ముందుకు రావాలి. వేలాడే తాడు, పట్టీ ఒక్కటి కూడా చక్రం వైపు ఉండకూడదు.

చలిని ఆపడం

7. మూడు పొరలు, అంతకు మించి వద్దు. ఒంటికి ఆనుకుని పలచనిది, దాని మీద స్వెటర్, పైన గాలి చొరబడనిది. స్వెటర్‌ను పైన వేసుకుంటే జల్లెడ కట్టుకున్నట్టే, గాలి నేరుగా లోపలికి వస్తుంది. లోపలి పొర మందపాటి కాటన్ బనీను కాకుండా చూసుకోండి. మధ్యాహ్నం పట్టిన చెమటను అది పట్టుకుని ఉంచి, సాయంత్రం మంచులా తగులుతుంది. థర్మల్ లేకపోతే ఆటల్లో వేసుకునే జారుడు గుడ్డ టీషర్టు మేలు.

మంచి రైడింగ్ జాకెట్ లేదా? స్వెటర్‌కూ జాకెట్‌కూ మధ్య, ఛాతీ నుంచి పొట్ట దాకా నాలుగైదు న్యూస్‌పేపర్లు పరచుకోండి. నవ్వులాటకు చెప్పడం లేదు, ఇది ఖర్చు లేని పాత ఉపాయం, గట్టిగా పనిచేస్తుంది. ఆదివారం అనుబంధం నున్నటి కాగితం కన్నా మామూలు పేజీలే బాగా అతుక్కుంటాయి. చెమటకు తడిస్తే తీసి కొత్తవి పెట్టుకోండి. దారిలో టీ కొట్టు దగ్గర అడిగితే ఎవరూ లేదనరు.

జీన్స్ గాలిని ఆపదు. గంట ప్రయాణంలో ముందు మోకాళ్లు పట్టేస్తాయి. మీద రెయిన్‌కోటు ప్యాంటు వేసుకుంటే ఆ సమస్యే ఉండదు.

8. చేతులు, కాళ్లు. చలిలో అసలు ప్రమాదం ఇక్కడుంది. వేళ్లు మొద్దుబారితే బ్రేక్ పట్టడం ఆలస్యమవుతుంది. గ్లవుజులు బిగుతుగా ఉంటే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి, వేలి కొసల్లో కాస్త ఖాళీ ఉండాలి. ఉన్ని గ్లవుజులు ఒక్కటే వేసుకుంటే లాభం లేదు. వాటి మీద వదులుగా ప్లాస్టిక్ గ్లవుజు గానీ, లోపల పలచని సర్జికల్ గ్లవుజు గానీ వేస్తే గాలి ఆగుతుంది. సర్జికల్ గ్లవుజులో చెమట పడుతుంది కాబట్టి రెండు గంటలకోసారి మార్చండి. ఏది వేసుకున్నా, ఇంట్లోనే బండి మీద కూర్చుని ఇండికేటర్, హారన్, డిప్పర్, బ్రేక్ అన్నీ నొక్కి చూడండి. వేలు అందకపోతే ఆ గ్లవుజు పనికిరాదు.

జాకెట్ చేతి అంచు గ్లవుజు లోపలికి వెళ్లాలా, బయట ఉండాలా? చలికైతే గ్లవుజు పైన ఉండాలి, మణికట్టు దగ్గర సందు ఉండకూడదు.

కాళ్లకు రెండు జతల సాక్సులు వేసి, బూటు లేసులు బిగించేస్తే కాళ్లు వెచ్చబడకపోగా తిమ్మిరెక్కుతాయి. ఒక జత సాక్సు, దాని మీద బ్రెడ్ కవర్ లాంటి ప్లాస్టిక్ కవర్, తర్వాత బూటు. ఆగినప్పుడు కవర్ తీసి కాళ్లు ఆరనివ్వండి.

సైలెన్సర్ దగ్గర, ఇంజన్ మీద చేతులు కాచుకోవడం మానేయండి. మొద్దుబారిన చర్మానికి కాలుతోందని ఆలస్యంగా తెలుస్తుంది, సింథటిక్ గ్లవుజు కరిగి చేతికి అంటుకుంటుంది.

9. తల, మెడ. హెల్మెట్ లోపల మంకీ క్యాప్ పెట్టకండి. మందానికి హెల్మెట్ సరిగా కూర్చోదు, చెవులు మూసుకుపోయి వెనకొచ్చే హారన్ వినపడదు. పలచని బాలాక్లావా చాలు. మఫ్లర్, శాలువా, చున్నీ అయితే కొసలు జాకెట్ లోపలికి దోపి జిప్పు వేసుకోవాలి. వేలాడే కొస వెనక చక్రంలో చిక్కుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. వెనక కూర్చున్నవాళ్ల విషయంలో ఇది మరీ చూడండి, వాళ్లు కదలకుండా కూర్చుంటారు కాబట్టి చలికి ఏదో ఒకటి చుట్టేసుకుంటారు.

అద్దానికి ఆవిరి పట్టడం అందరికీ ఉన్న గోల. లోపలి వైపు గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క రాసి, పూర్తిగా ఆరాక మెత్తటి గుడ్డతో కనపడకుండా తుడిచేస్తే కొన్ని గంటలు ఆవిరి పట్టదు. షేవింగ్ క్రీమ్ కూడా పనిచేస్తుంది. దారిలో అయితే అద్దం ఒక్క గీత తెరిచి ఉంచండి. ముక్కు మీదుగా మాస్కు వేసి ఊపిరి కిందికి పోయేలా చూసుకోండి. నల్ల అద్దం ఉన్న హెల్మెట్ ఈ ప్రయాణానికి పనికిరాదు.

10. తెల్లవారుజామున ఒక పరీక్ష. బయల్దేరే వారంలో ఒక రోజు పొద్దున ఐదున్నరకు అన్నీ తొడుక్కుని, 60 వేగంతో అరగంట నడపండి. ఎక్కడి నుంచి గాలి దూరుతోందో ఒళ్లే చెప్తుంది: మెడ, మణికట్టు, నడుము దగ్గర జాకెట్ లేచిన చోటు, చీలమండలు. ఆ సందులు మూసి మళ్లీ చూడండి. హైదరాబాద్ చలిలో అరగంటకే వణుకు పుడితే, కొండ మీద ఆ బట్టలు చాలవని తెలిసినట్టే.

దారిలో

11. రెండు రోజులు పెట్టుకోండి. హైదరాబాద్, సూర్యాపేట, విజయవాడ, రాజమండ్రి, తుని, నర్సీపట్నం మీదుగా లంబసింగి దాదాపు 600 కిలోమీటర్లు. ఒక్క రోజులో లాగేస్తామనేవాళ్లు సాయంత్రం అలసిపోయి, చీకట్లో ఘాట్ ఎక్కుతారు. మొదటి రోజు రాజమండ్రిలో ఆగితే రెండో రోజు మధ్యాహ్నానికి ఎండలోనే కొండెక్కొచ్చు.

నగరం నుంచి బయటపడటానికి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేయకండి, బైకులకు అనుమతి లేదు. ఎల్‌బీ నగర్, హయత్‌నగర్ మీదుగానే వెళ్లాలి. టోల్ గేట్ల దగ్గర బైకులకు రుసుము లేదు, ఎడమ చివర సందు ఉంటుంది. సంక్రాంతి ముందు రెండు మూడు రోజులు విజయవాడ హైవే కార్లతో కిక్కిరిసిపోతుంది, ఆ తేదీలు తప్పించండి.

తెల్లవారుజామున మూడింటికి బయల్దేరితే ట్రాఫిక్ ఉండదన్న సలహాను చలికాలంలో పక్కన పెట్టండి. సూర్యోదయానికి ముందు గంటే అన్నిటికంటే చలి, పొగమంచూ అప్పుడే. ఆ వేళ రోడ్డు పక్కన లైటు లేకుండా ఆపిన లారీ, వెనక రిఫ్లెక్టర్ లేని ట్రాక్టర్ దగ్గరికొచ్చేదాకా కనపడవు. ఆరున్నర, ఏడు మధ్య బయల్దేరండి. పొగమంచు తగిలితే లో బీమ్‌లో, కనిపించినంత దూరంలో ఆగగలిగే వేగంతో వెళ్లండి. మరీ దట్టమైతే రోడ్డు అంచున ఆగకుండా బంకులోకో హోటల్ ఆవరణలోకో పోయి ఆపండి.

గంటన్నరకోసారి దిగి పది నిమిషాలు నడవండి. చలిలో దాహం తెలియదు, అయినా నీళ్లు తాగాలి. ఇడ్లీ, ఉప్మా, వేడి టీ ఎన్నిసార్లయినా పర్వాలేదు, మధ్యాహ్నం ఫుల్ మీల్స్ లాగించి వెంటనే ఎక్కితే మాత్రం నిద్ర ఖాయం.

12. ఘాట్. నర్సీపట్నంలో ట్యాంకు నింపుకుని, ఏటీఎం పని కూడా అక్కడే చూసుకోండి. చాలామంది నర్సీపట్నంలో పడుకుని మంచు చూడాలని తెల్లవారుజామున మూడింటికి, నాలుగింటికి కొండెక్కుతారు. బైక్ మీద ఇది అన్నిటికంటే చెడ్డ ఆలోచన. చీకటి, తడి రోడ్డు, పొగమంచు, చలికి మొద్దుబారిన వేళ్లు, ఎదురుగా తొందరలో ఉన్న టూరిస్టు కార్లు, అన్నీ ఒకేసారి మీద పడతాయి. ముందు రోజు పగలే ఎక్కి పైనో చింతపల్లిలోనో పడుకుని, పొద్దున మంచు చూసే చోటైన చెరువులవేనం వైపు వెళ్లండి. శని, ఆదివారాల్లో గది ముందే మాట్లాడుకోవాలి.

దిగేటప్పుడు ఏ గేర్‌లో ఎక్కారో ఆ గేర్‌లోనే దిగండి. న్యూట్రల్ చేసి పెట్రోల్ మిగుల్చుకోవాలని చూడకండి.

13. రాత్రి బస. బండిని మీద ఏదైనా కప్పిన చోట పెట్టండి, కుదరకపోతే సీటు, మీటరు, ప్లగ్ దగ్గర ప్లాస్టిక్ కవర్ కప్పండి. పొద్దునకు అంతా తడిసి ముద్దవుతుంది.

మూసిన గదిలో గానీ టెంటులో గానీ బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. చలిమంట ఆరుబయటే వేసుకోవాలి. "రెండు పెగ్గులు వేస్తే చలి పోతుంది" అనేది కూడా నమ్మకండి. మందుకు చర్మంలోని రక్తనాళాలు తెరుచుకుని వెచ్చగా అనిపిస్తుంది, నిజానికి ఆ దారినే ఒంట్లోని వేడి బయటికి పోతుంది.

14. పొద్దున స్టార్ట్ చేయడం. కిక్కు ఉన్న బండి అయితే కీ ఆఫ్‌లోనే ఉంచి నాలుగైదు సార్లు మెల్లగా తొక్కండి, గడ్డకట్టినట్టున్న ఆయిల్ కదులుతుంది. తర్వాత:

- కార్బురేటర్ బండి: చోక్ పూర్తిగా లాగి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా కిక్కు కొట్టండి. స్టార్టయ్యాక అర నిమిషం నుంచి నిమిషం ఆగి చోక్ మెల్లగా తోసేయండి. తోయడం మరిచిపోయి నడిపితే ప్లగ్ నల్లబడి దారిలో ఆగిపోతుంది. ఎంత కొట్టినా స్టార్ట్ కాక పెట్రోల్ వాసన వస్తుంటే చోక్ మూసి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి పట్టుకుని కొట్టండి.
- ఇంజెక్షన్ బండి: కీ ఆన్ చేసి, పంపు చేసే సన్నని శబ్దం ఆగేదాకా రెండు మూడు సెకన్లు ఆగి, అప్పుడు సెల్ఫ్ నొక్కండి. ఐదు సెకన్లకు మించి నొక్కి ఉంచొద్దు, పది సెకన్లు ఆగి మళ్లీ ప్రయత్నించండి.

స్టార్టయిన వెంటనే రేజ్ చేయడం ఇంజన్‌కు మంచిది కాదు. నిమిషం ఆగి, మొదటి రెండు కిలోమీటర్లు మెల్లగా నడిపితే చాలు, అక్కడే నిలబెట్టి పావుగంట వేడి చేయనక్కర్లేదు. మొదటి రెండు మూడు సార్లు బ్రేక్ సరిగా పట్టదు, డిస్క్ మీద మంచు తడి ఉంటుంది. ఖాళీ రోడ్డు మీద మెల్లగా నొక్కి ఆరబెట్టాకే ఘాట్ వైపు తిప్పండి.

15. ఒళ్లు పట్టు తప్పుతుంటే. వణుకు ఆగకపోతే, వేళ్లతో జిప్పు వేసుకోవడం కష్టమైతే, బండి ఆపాల్సిన టైం వచ్చేసింది. మాట తడబడటం, నడకలో తూలడం, అప్పటిదాకా ఉన్న వణుకు ఉన్నట్టుండి ఆగిపోవడం ఇంకా ప్రమాద సూచనలు. వణుకు పోయింది కదా అని బండెక్కకండి. గాలి తగలని చోటికి తీసుకెళ్లి, తడి బట్టలు మార్చి, దుప్పట్లు చుట్టి, స్పృహలో ఉంటే వేడిగా తియ్యటి టీ ఇవ్వండి. తేరుకోకపోతే 108కి ఫోన్ చేయండి. వెనక కూర్చున్నవాళ్లతో అరగంటకోసారి మాట్లాడుతూ ఉండండి, వాళ్ల జవాబు తేడాగా ఉంటే మీకే తెలుస్తుంది.

తిరిగొచ్చాక బండి కడిగించిన రోజే చైన్‌కు మళ్లీ ఆయిల్ వేయండి, లేకపోతే రెండు రోజుల్లో తుప్పు పడుతుంది. గ్లవుజులు, బూట్లు నీడలో ఆరేయండి. టైర్లలో గాలి మళ్లీ చూడండి: కొండ మీద చలికి కలిపిన నాలుగు పీఎస్ఐలు ఇక్కడి ఎండకు ఎక్కువై ఉంటాయి, అవి తీసేయాలి.